చలి రాత్రుల్లో మన ఇల్లు

దసరా దాటి పత్తి తీతలు ఊపందుకునే నాటికి పాలమూరు, నల్లగొండ పల్లెల్లో చలి అడుగుపెడుతుంది. మన నేల దక్కన్ పీఠభూమిలో భాగం. మహబూబ్‌నగర్ పట్టణం సముద్ర మట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది. వానలు వెనుదిరగగానే ఆకాశం నిర్మలమవుతుంది. పగలంతా రాతినేల పీల్చుకున్న వేడిమిని పట్టి ఉంచే మబ్బు లేనందువల్ల అది తెల్లవారేలోగా పైకి వెళ్లిపోతుంది. అందుచేత డిసెంబరు, జనవరి నెలల్లో మధ్యాహ్నం 30 డిగ్రీలకు చేరువగా ఉన్న ఊరు ఫజ్ర్ అజాను వేళకు 15 డిగ్రీలకు దిగువకు, కొన్ని రోజులు 10 డిగ్రీల దరిదాపులకు జారిపోతుంది. ఉత్తరాది వారికి ఇది చలిగా తోచకపోవచ్చు. కాని వారి ఇళ్లు చలిని దృష్టిలో ఉంచుకొని కట్టినవి, మన ఇళ్లు ఎండను దృష్టిలో ఉంచుకొని కట్టినవి. తాండూరు బండలు, షాబాదు బండలు పరచిన గచ్చు వేసవిలో ఎంత హాయినిస్తుందో చలికాలంలో అంతగా పాదాలను కొరుకుతుంది. పూర్వపు మట్టి మిద్దెల మందపాటి గోడలు పగటి వేడిని దాచుకొని రాత్రి మెల్లగా విడిచిపెట్టేవి. నేటి సిమెంటు రేకుల ఇంట్లో ఆ దాపు లేదు. తెల్లవారుజామున రేకు కింద చెమ్మ పట్టి బొట్లు బొట్లుగా పక్కల మీద రాలుతుంది.

ఇటువంటి ఇంటిని వెచ్చగా, ఉల్లాసంగా ఉంచుకోవడం ఎలాగన్నది చిన్న విషయమని కొందరు అనుకోవచ్చు. దివ్యఖుర్ఆన్ దీనిని చిన్న విషయంగా ఎంచలేదు. అన్నహ్ల్ సూరా 80వ ఆయతులో అల్లాహ్ మానవులకు ప్రసాదించిన అనుగ్రహాలను గుర్తుచేస్తూ, వారి ఇళ్లను వారికి ‘సకన్’గా చేసినట్లు తెలిపాడు. సకన్ అంటే అలజడి అణగి మనసు నిలిచే చోటు. సుకూన్, సకీనత్, మస్కన్ అనే మాటలు కూడా అదే ధాతువు నుంచి వచ్చాయి. గమనించదగిన సంగతి ఏమిటంటే, ఇంటిని గురించి చెప్పిన ఆ ఆయతులోనే గొర్రెల ఉన్ని, ఒంటెల బొచ్చు, మేకల వెంట్రుకలతో తయారయ్యే సామగ్రి ప్రస్తావన కూడా వచ్చింది. అదే సూరా 5వ ఆయతులో పశువుల వల్ల కలిగే మేళ్లను చెప్పేటప్పుడు మొదట వెచ్చదనం, పిదప ఇతర ప్రయోజనాలు, చివరకు ఆహారం పేర్కొనబడ్డాయి.

మనం ఈ క్రమాన్ని తలకిందులు చేసుకున్నాం. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా గొర్రెల పెంపకానికి పేరుపొందిన సీమ. ఇక్కడి దక్కనీ గొర్రె ఒంటినిండా ముతక నల్లఉన్ని గల జాతి. కురుమలు ఆ ఉన్నిని కత్తిరించి, వారి ఇంటి స్త్రీలు నూలు వడికి, చింతగింజల గంజి పట్టించి, మగ్గం మీద గొంగడి నేసేవారు. మాంసం మీదనే చూపు నిలిచిన తరువాత, త్వరగా బరువు పెరిగే ఉన్నిలేని నెల్లూరు జాతి పొట్టేళ్లతో మందలను సంకరం చేశారు. మిగిలిన దక్కనీ గొర్రెల ఉన్నిని సైతం చాలాచోట్ల కొనేవారు లేక పారవేస్తున్నారు. మన దావత్‌లలో పొట్టేలు మాంసం పెరిగింది, మన ఇళ్లలో గొంగడి కనుమరుగైంది. దాని స్థానంలోకి రంగురంగుల పువ్వులున్న పాలిస్టర్ దుప్పట్లు వచ్చాయి. అవి మెత్తగా ఉంటాయి, చవకగా దొరుకుతాయి, నిజమే. కాని నిప్పురవ్వ పడితే పాలిస్టర్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ఉన్ని అంత సులభంగా అంటుకోదు. చెమ్మను పీల్చుకొని కూడా ఉన్ని వెచ్చగానే ఉంటుంది, అందుకే కాపరి వానలోనూ చలిలోనూ అదే కప్పుకొని తిరుగుతాడు. ఒంటికి గరుకుగా తగులుతుందన్న ఫిర్యాదుకు పెద్దల వద్ద విరుగుడు ఉండేది: కింద నూలు బొంత, దానిపైన గొంగడి. ఇంట్లో తాతల నాటి గొంగడి అటక మీద ఉంటే దించి, దులిపి, నీడలో గాలికి ఆరవేయండి. నేతగాళ్లు ఇంకా ఉన్న ఊళ్లలో ఒక్క గొంగడి కొన్నా ఒక మగ్గం కొంతకాలం ఆడుతుంది.

ఉన్ని కురుమలదైతే, పత్తి మనవారిది. దూదేకులవారు, నూర్‌బాషాలు, లద్దాఫ్‌లు, పింజారీలు, ఏ పేరుతో పిలిచినా, తరతరాలుగా తెలుగు ప్రజల పరుపులను, దిండ్లను, రజాయిలను తయారుచేసినది ఈ ముస్లిం సోదరులే. పత్తి ఏకేవానిని అరబీలో హల్లాజ్ అని, నద్దాఫ్ అని అంటారు. మన లద్దాఫ్ అనే మాటలో ఆ రెండవ పదమే వినిపిస్తుంది. చలికి ముందు విల్లు భుజాన వేసుకొని ఊరూరా తిరిగి, అణగిపోయిన పాత దూదిని వాకిట్లో పోసి, విల్లు తాడును మీటుతూ ఏకి, మళ్లీ పొంగిన మబ్బులా చేసి ఇచ్చేవారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతారని, ఉర్దూ సరిగా పలకరని వీరిని తక్కువచేసి మాట్లాడే దురలవాటు మన సమాజంలోనే ఉన్నది. అటువంటి మాటలు పలికిన వారు కూడా రాత్రికి వీరు ఏకిన దూది మీదనే పడుకున్నారు! నల్లగొండ పత్తి విస్తారంగా పండే జిల్లా. పరుపు గట్టిపడిపోతే పారవేసి ఫోము పరుపు కొనే ముందు, పట్టణంలో దూది ఏకే మర చాలాచోట్ల ఉన్నదని గుర్తుంచుకోండి. ఏకిన దూదిలో గాలి నిలుస్తుంది. వెచ్చదనాన్ని కాపాడేది ఆ నిలిచిన గాలే. వారానికి రెండుసార్లు జుహర్ వేళ పక్కలను ఎండలో వేస్తే దూదిలోని చెమ్మ పోయి, అణగిన దూది తిరిగి పొంగుతుంది.

పక్కల విషయంలో సాధారణంగా జరిగే పొరపాటు ఒకటి ఉంది. చలి పైనుంచి వస్తుందని తలచి దుప్పటి మీద దుప్పటి కప్పుతాము. కటిక బండ మీద చాప వేసుకొని పడుకున్నవాని వెచ్చదనాన్ని ఎక్కువగా లాగివేసేది కింది బండే. రెండు గోనెసంచులు విప్పి పరచి, దానిపైన చాప, ఆపైన బొంత వేస్తే పైన ఒక్క దుప్పటే సరిపోతుంది. ఫజ్ర్ తరువాత హిఫ్జ్ పాఠం వినేటప్పుడు, రాత్రి కింద సరైన పక్క లేక ముడుచుకొని పడుకున్న పిల్లవాడిని నేను తేలికగానే గుర్తుపడతాను. వాడి నాలుక ఆయతుల మీద, కళ్లు నిద్ర మీద ఉంటాయి. ఇంట్లో వృద్ధులున్న వారికి మరొక మాట. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతాల్లో ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగి, కీళ్లు బిగుసుకుపోయిన పెద్దలు నేటికీ ఎందరో ఉన్నారు. తర్వాత మంచినీళ్లు వచ్చినా పోయిన నడుము తిరిగి రాలేదు. అటువంటి నానీకి, దాదాకు నేల మీద పక్క వేయవద్దు. ఇంట్లో ఒక్క మంచమే ఉంటే అది వారిది. గాలి తగలని లోపలి మూల కూడా వారిదే.

ఇక నిప్పు. ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉన్నవారు దీనిని చదవాలి.

చలి ముదిరిన రాత్రి తలుపులు, కిటికీలు మూసి, గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకోవడం మన ఇళ్లలో కొత్త కాదు. ముఖ్యంగా బాలింత గదిలో. నలభై రోజుల పాటు తల్లీబిడ్డలకు గాలి సోకరాదని తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, మంచం కింద నిప్పులు పెట్టి, వాము పొగ, లోబాన్ పొగ పట్టిస్తారు. పొగ వచ్చే కట్టెల కంటే ఎర్రగా కణకణలాడే బొగ్గులు మేలని, పొగ లేదు కనుక ప్రమాదం లేదని అనుకుంటారు. ప్రమాదం అక్కడే ఉంది. గాలి చాలని చోట బొగ్గు మండినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువు కంటే ఈ వాయువును 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, శరీరానికి ప్రాణవాయువు మాత్రం అందదు. మెలకువగా ఉన్నవారికి తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం వంటి సూచనలు తెలుస్తాయి. నిద్రలో ఉన్నవారికి అవీ తెలియవు, నిద్ర అట్లాగే కొనసాగుతుంది. కడుపులోని శిశువుకు, పొత్తిళ్లలోని పసికందుకు ఈ విషం పెద్దలకంటే త్వరగా హాని చేస్తుంది.

మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు నివాసులతో సహా దగ్ధమైన సంగతి దైవప్రవక్త (స)కు తెలిసినప్పుడు, ఆయన నిప్పును మనిషికి శత్రువుగా పేర్కొని, పడుకునే ముందు దానిని ఆర్పివేయమని ఆజ్ఞాపించినట్లు హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోనూ ఉన్నది. రాత్రివేళ తలుపులు మూయడం, పాత్రలపై మూతలు పెట్టడం, దీపాలు ఆర్పడం గురించి హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన హదీసులో, ఎలుక వత్తిని లాగి ఇంటివారిని కాల్చివేయవచ్చుననే కారణం కూడా చెప్పబడింది. ఈ హదీసులను వివరిస్తూ ఇమామ్ నవవీ (రహ్మ), మసీదులలో వేలాడదీసిన దీపాల వల్ల ప్రమాద భయం లేనప్పుడు వాటిని ఉంచడంలో దోషం లేదన్నారు. అంటే ఆజ్ఞకు మూలం ప్రాణరక్షణ. మూసిన గదిలో కుంపటి విషయంలో ప్రాణభయం లేదని ఎవరూ చెప్పలేరు. ‘మా అమ్మ కూడా అలాగే చేసింది, మాకేమీ కాలేదు’ అనే మాట తరచూ వినిపిస్తుంది. అమ్మ కాలపు ఇంటికి పెంకుల మధ్య సందులుండేవి, పొగగూడు ఉండేది. ఇప్పటి స్లాబు గదికి అల్యూమినియం కిటికీ బిగిస్తే గాలి చొరబడే దారి ఉండదు.

కుంపటి కావలసిన వారు వరండాలోనో, వాకిట్లోనో దాని చుట్టూ కూర్చొని చలి కాచుకోండి. పడక గదిలోకి అది రాకూడదు, ఆరిపోతున్న బొగ్గులతో కూడా. పసిబిడ్డకు నిప్పుకంటే తల్లి రొమ్ము మీది వెచ్చదనం మేలైనది. బిడ్డను తల్లి ఒంటికి ఒళ్లు తగిలేలా హత్తుకొని, ఇద్దరికీ కలిపి గుడ్డ కప్పి, తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు తొడిగితే చాలు. పుట్టిన మొదటి 24 గంటల్లో స్నానం చేయించనవసరం లేదని వైద్యులు చెబుతున్నారు. బరువైన రజాయి బిడ్డ ముఖం మీదికి జారకుండా చూసుకోవాలి. గదిలో ఎవరికైనా తలనొప్పి, మగత కనిపిస్తే ముందు వారిని బయటి గాలిలోకి తీసుకురండి, ఆ తరువాత 108కి ఫోను చేయండి. గాలి ఆడని స్నానాల గదిలో గ్యాసు గీజరు పెట్టుకున్న వారికి కూడా ఇదే ప్రమాదం వర్తిస్తుంది. ఇక నీళ్లు కాచే హీటరు రాడ్డును ఇనుప బకెట్టులో పెట్టి, స్విచ్చి తీయకుండా వేలు ముంచి చూసే అలవాటు ఉన్న ఇళ్లు నాకు తెలుసు. ఆ అలవాటును నేటితో మానండి.

వేడి నీళ్లతో వుజూ చేస్తే పుణ్యం తగ్గుతుందేమోనని కొందరు వృద్ధులు సంకోచిస్తారు. కష్టమైన స్థితిలోనూ వుజూను సంపూర్ణంగా చేసేవారి పాపాలు తుడిచివేయబడతాయని, అంతస్తులు పెరుగుతాయని సహీహ్ ముస్లింలో ఉన్న మాట నిజమే. కాని కష్టం వచ్చిపడితే ఓర్చుకోవడం వేరు, వెతుక్కుంటూ పోవడం వేరు. వేడి నీళ్లున్న చోట చన్నీళ్లతో వణకమని ధర్మం కోరలేదు. వుజూ చేసి తోలు మేజోళ్లు తొడిగినవారికి, ఇంటిపట్టున ఉంటే ఒక పగలు ఒక రాత్రి, ప్రయాణంలో మూడు పగళ్లు మూడు రాత్రులు వాటి మీద మసహ్ చేసే వెసులుబాటు ఉంది. సన్నని నైలాను మేజోళ్లకు ఇది వర్తించదని అధిక సంఖ్యాకులైన ఉలమా అభిప్రాయం. ఇంట్లో ముందు లేచినవారు ఒక గిన్నెడు నీళ్లు పొయ్యి మీద పెట్టి మిగిలినవారిని లేపితే, ఫజ్ర్ కోసం పిల్లల మీద కేకలు వేయవలసిన అవసరం సగం తగ్గుతుంది.

వంటను గురించి గృహిణులకు నేను చెప్పేది లేదు. ఈ కాలానికి తగినవన్నీ మన చుట్టూనే ఉన్నాయి: సజ్జరొట్టె, ఉలవచారు, అనపగింజల కూర, నువ్వులూ బెల్లమూ, పొద్దుటి ఖిచిడీతో నువ్వుల ఖట్టా. నలతగా ఉన్నవారికీ, ఆప్తులను పోగొట్టుకొన్నవారికీ హజ్రత్ ఆయిషా (రజి) యవల పిండితో తల్బీనా అనే జావ కాయించేవారని, అది హృదయానికి ఊరటనిస్తుందని దైవప్రవక్త (స) చెప్పగా విన్నట్లు ఆమె తెలిపారని బుఖారీలో ఉన్నది. డిసెంబరులో మన ప్రాంతంలో పగలు సుమారు 11 గంటలే. రమజాన్‌లో తప్పిపోయిన ఉపవాసాలు మిగిలి ఉన్న సోదరీమణులకు, వాటిని తీర్చుకోవడానికి ఇంతకంటే తేలికైన రోజులు దొరకవు.

పగలు చిన్నదైతే రాత్రి పెద్దది. ఇషా నమాజు ముగిసేసరికి ఎనిమిదిన్నర కూడా కాదు. ఆ తరువాతి గంట ఇప్పుడు చాలా ఇళ్లలో ఎలా గడుస్తున్నదో అందరికీ తెలుసు: ఒకే గదిలో నలుగురు, నాలుగు రజాయిల కింద, నాలుగు ఫోన్ల వెలుగు. ఇషా తరువాత ముచ్చట్లను దైవప్రవక్త (స) ఇష్టపడలేదన్న హదీసును చూపి, ఇంటివారితో మాట్లాడకపోవడమే దైవభక్తి అనుకునేవారున్నారు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) బాల్యంలో తన పిన్నమ్మ హజ్రత్ మైమూనా (రజి) ఇంట ఒక రాత్రి గడిపి, ఆ రాత్రి చూసినదంతా చెప్పారు. ఆ బుఖారీ ఉల్లేఖనంలో, దైవప్రవక్త (స) ఇషా అనంతరం తన ఇంటివారితో కొంతసేపు మాట్లాడి ఆ తరువాతే విశ్రమించినట్లు స్పష్టంగా ఉన్నది. ఆయన వారించినది ఫజ్ర్‌ను పోగొట్టే వృథా కాలక్షేపాన్ని.

ఆ ఇంట ఎటువంటి మాటలు సాగేవో తెలుసుకోవాలంటే ఉమ్మె జర్అ హదీసును చూడాలి. పదకొండుమంది స్త్రీలు ఒకచోట చేరి, తమ తమ భర్తల గుణగణాలను ఏదీ దాచకుండా చెప్పుకొన్న కథను హజ్రత్ ఆయిషా (రజి) మొదటినుంచి చివరివరకూ వినిపించగా, ఒక సముదాయ భారాన్నంతా మోస్తున్న దైవప్రవక్త (స) ఓపికగా ఆలకించారు. కథలోని మంచి భర్తతో తనను పోల్చుకుంటూ ఆమె మనసు సంతోషపెట్టారు. భార్య చెప్పే పక్కింటి సంగతిని రెండు నిమిషాలు వినలేని మనవంటివారు ఈ హదీసును పదేపదే చదువుకోవాలి. రాత్రివేళ ఆయన నమాజు చేస్తుండగా, తాను కప్పుకొన్న దుప్పటి అంచే ఆయన మీద కూడా ఉండేదని కూడా హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. ఒక ఇంటి సిరి ఎంతో, వెచ్చదనం ఎంతో ఆ ఒక్క దుప్పటి చెబుతుంది.

కాబట్టి ఇషా తరువాత అరగంట పాటు అన్ని పక్కలనూ ఒకే గదిలో వేయండి. నలుగురి ఊపిరితో గది దానంతటదే నాలుగు పాళ్లు వెచ్చబడుతుంది. పైన వెంటిలేటరు మాత్రం కొంచెం తెరిచి ఉంచండి. వేయించిన పల్లీలు మధ్యలో పెట్టండి. దాదీమాను ఆమె పెళ్లినాటి సంగతులు అడగండి. రజాకార్ల నాటి రోజులు, కరవు నాటి గంజి, ఆమె తప్ప చెప్పగలవారు ఇంట్లో ఇంకెవరూ లేరు. పిల్లలలో ఒకరు ఆ రోజు నేర్చుకొన్న చిన్న సూరాను వినిపించవచ్చు. తప్పులు అప్పుడే దిద్దవద్దు, ఆ పని ఉదయం మేము చేస్తాము.

అయితే పాలమూరులో అనేక ఇళ్లలో ఆ గదిలో తండ్రి ఉండడు. ఖరీఫు కోతలు అయిపోగానే ముంబయి, పుణె దారి పట్టే వలస ఈ జిల్లాకు తరాల నాటిది. ఎత్తిపోతల నీళ్లు వచ్చిన మండలాల్లో ఇది తగ్గింది గాని ఆగిపోలేదు. గల్ఫ్‌కు వెళ్లిన వారు మరి కొందరు. ఖురైష్ సూరాలో అల్లాహ్ ఆ తెగవారి శీతాకాలపు ప్రయాణాన్ని, వేసవి ప్రయాణాన్ని పేర్కొని, ఆకలిలో అన్నం పెట్టి, భయం నుండి రక్షించిన కాబా గృహ ప్రభువును ఆరాధించమన్నాడు. నాలుగే ఆయతుల ఆ సూరాను మన పిల్లలందరూ కంఠస్థం చేస్తారు. తమ అబ్బా ప్రయాణం కూడా అన్నం కోసం చేసే శీతాకాలపు ప్రయాణమేనని వారికి ఎవరైనా చెప్పారా? ఆ అరగంటలో ఫోను ఒక్కటే గది మధ్యలో ఉంచి, స్పీకరులో ఆయనను కూర్చోబెట్టండి. డబ్బు సంగతి, అప్పు సంగతి పగలు మాట్లాడుకోవచ్చు. ఆయన కూడా ఎక్కడో కట్టడాల నడుమ రేకుల గుడిసెలోనే పడుకుంటాడు. ఊరినుంచి బయలుదేరేటప్పుడు ఆయన సంచిలో ఒక గొంగడి పెట్టారో లేదో చూసుకోవలసింది ఇంటివారే.

మనవారు అటు వెళుతుండగా, అదే నెలల్లో ఒడిశా నుంచి కూలీ కుటుంబాలు తెలంగాణ ఇటుకబట్టీలకు వస్తాయి. పచ్చి ఇటుకలు పేర్చి, పైన రేకో, పట్టానో కప్పిన, నడుము వంచి దూరవలసిన గుడిసెల్లో పసిపిల్లలతో ఉంటారు. మన ఊళ్లలో దుప్పట్ల పంపిణీ సాధారణంగా జనవరిలో, ఫోటోలు తీసేవాడు దొరికిన రోజున జరుగుతుంది. అప్పటికి చలి సగం గడిచిపోతుంది. మసీదు కమిటీలవారు ఈ పనిని నవంబరులోనే, ఇషా తరువాత, ఫోటోలు లేకుండా చేస్తే ఎంత బాగుండును. దుప్పట్లతో పాటు నాలుగు గోనెసంచులు కూడా తీసుకువెళ్లండి, కింద పరచుకోవడానికి. గుడిసె లోపల బొగ్గులు పెట్టుకొని పడుకోవద్దని వారి భాష తెలిసిన మేస్త్రీ ద్వారా చెప్పించండి.